ఉట్టి పచ్చ

ఆ పొద్దున బడి గదిలో ఉన్నవాళ్ళు: ప్రిసైడింగు ఆఫీసరు ఒకరు, పోలింగు గుమాస్తాలం ఇద్దరం, జవాను ఒకడు, అభ్యర్థుల తరఫు ఏజెంట్లు ఇద్దరు. ఉన్న వస్తువులు: బల్లలు రెండు, కుర్చీ ఒకటి, పిల్లలు కూర్చునే పొడుగు బెంచీలు మూడు, ఓటర్ల జాబితా రెండు ప్రతులు, చీటీల కట్టలు, రబ్బరు ముద్ర, సిరా దిండు, లక్క, కొవ్వొత్తి, మంచినీళ్ళ కుండ, దాని మీద సత్తు గ్లాసు, మూలన నిలువుగా పేర్చిన పిల్లల పలకలు. వెనక కిటికీ పక్కన రెండు గోనెపట్టాలు కలిపి కుట్టిన తెర. తెర వెనక పొడుగు పీట మీద రెండు ఇనప పెట్టెలు. ఒకటి పసుపు రంగుది, ఒకటి ఆకుపచ్చది.

నల్లబల్ల మీద ఎవరో పదమూడో ఎక్కం సగం దాకా రాసి వదిలేశారు. అది అట్లా ఆగిపోయి ఉండటం నాకు చికాకుగా ఉంది. లేచి పూర్తి చేద్దామని రెండుసార్లు అనిపించింది. ఎన్నిక జరిగే గదిలో సుద్దముక్క ముట్టుకోవచ్చో కూడదో తెలియక ఊరుకున్నాను.

మద్రాసు శాసనసభలో మా ప్రాంతపు సభ్యుడు కాలం చేయడంతో వచ్చిన ఉప ఎన్నిక అది. నిలబడింది ఇద్దరే. ఓటు అందరికీ లేదు. పన్ను కట్టే రైతులకు, చదవనూ రాయనూ వచ్చినవాళ్ళకు, ఇంకా కొందరికి ఉంది. ఓటున్న రైతుల్లో చదువు రానివాళ్ళే ఎక్కువ. అందుకని ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పెట్టె. ఓటరు మా దగ్గర ముద్ర వేసిన చీటీ తీసుకుని, తెర వెనక్కి పోయి, తనకు కావలసిన రంగు పెట్టెలో వేసి బయటికి రావాలి. అంతే పని. కాగితం మీద చూస్తే ఇందులో పొరపాటుకు తావు లేదనిపిస్తుంది.

నేను మద్రాసులో ఓవర్సీరు చదువు ముగించి, మార్కాపురంలో జిల్లాబోర్డు రోడ్ల పనిలో తాత్కాలికంగా చేరి ఏడాది కాలేదు. కంకర, మన్ను, నీటి వాలు లెక్క కట్టడం నా పని. ఎన్నికలకు మనుషులు చాలక మా ఆఫీసు నుంచి కొందరిని పంపారు. నన్ను వేసిన ఊరు మా ఊరే. ఆ సంగతి ప్రిసైడింగు ఆఫీసరుగారికి ముందే చెప్పాను.

"మీ తాలూకాలో ఎవరికీ చుట్టం కానివాడు ఒకడుంటే చూపించు, నీ బదులు వాణ్ణి వేస్తాను" అన్నారాయన.

నాకు గుబులుగా ఉన్నది ఊరి సంగతి కాదు, మా చిన్నాయన సంగతి. నాయనకు తమ్ముడు. పసుపు పెట్టె అభ్యర్థి తరఫున మా ఊరి భారమంతా నెత్తికెత్తుకున్నది ఆయనే. ఎందుకు ఎత్తుకున్నాడో చెప్పాలంటే వాగు సంగతి చెప్పాలి.

మా ఊరికీ బేస్తవారిపేట పోయే బాటకూ మధ్య ఒక వాగు ఉంది. పోయి గుండ్లకమ్మలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఉట్టి ఇసక. వానలు పడితే మాత్రం ఊరు ఆ గట్టున, లోకం ఈ గట్టున. రెండేళ్ళ కిందట పిన్నమ్మకు నొప్పులు కష్టమైతే ఆసుపత్రికి తీసుకుపోదామని చిన్నాయన బండి కట్టాడు. వాగు వచ్చి ఉంది. తగ్గేదాకా గట్టు మీదే నిలబడ్డారు. బిడ్డ బండిలోనే పుట్టింది, బండిలోనే పోయింది. ఆ తర్వాత చిన్నాయన ఆ మాట ఎవరితోనూ అనలేదు. వాగు మీద చప్టా కావాలని మాత్రం కనబడిన ప్రతివాడితోనూ అంటూ వచ్చాడు. చప్టా అంటే వంతెన కాదు. వాగు అడుగున రాయీ సున్నమూ వేసి గట్టిగా చేసే దారి. నీళ్ళు దాని మీదుగానే పోతాయి, ఒక మోస్తరు ప్రవాహం ఉన్నా బండి దాటుతుంది. అంచనా నేనే వేసి ఇచ్చాను. అది బోర్డు ఆఫీసులో కాగితాల కింద పడి ఉంది.

పసుపు పెట్టె అభ్యర్థి జిల్లాబోర్డులో పలుకుబడి ఉన్న మనిషి. పుష్యమాసంలో మా ఊరు వచ్చి, చిన్నాయన ఇంటి అరుగు మీద నిలబడి అందరి ముందూ చెప్పాడు:

"ఏ ఊరి పెట్టెలో నాకు పైచేయి ఉంటే ఆ ఊరి పని ముందు. మీ ఊళ్ళో నాకు ఒక్క చీటీ ఎక్కువ రానియ్యండి, ఎండాకాలం లోపల చప్టా వేయిస్తా. రాకపోతే మాత్రం నన్ను అడగొద్దు. నేను దాచిపెట్టి మాట్లాడే మనిషిని కాను."

"ఒకటెందుకయ్యా, వంద ఎక్కువొస్తాయి" అన్నాడు చిన్నాయన.

ఆ రోజు నుంచి ఇంటింటికీ తిరిగాడు. ఓటున్న వాళ్ళ పేర్లు నా చేత చదివించుకుని, అన్నీ నోటికి పట్టేశాడు. ఎవరింటికి పోయినా ఆయన చెప్పేది ఒకటే మాట: "పచ్చపెట్టె. మరిచిపోవద్దండి, పచ్చపెట్టె."

అప్పటికి అవతలి అభ్యర్థికి ఏ రంగో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తర్వాత తెలిసింది, ఆకుపచ్చ అని. నేను మార్కాపురం నుంచి వచ్చినప్పుడు చిన్నాయనతో అన్నాను, ఇకనుంచి పసుపు పెట్టె అని చెప్పు, పచ్చ అంటే రెండూ పచ్చే కదా అని.

"పసుపంటే ఆడోళ్ళ పేరంటం మాటలాగుంటాదిరా. పచ్చంటే పెళ్ళి గుర్తొస్తాది, పంట గుర్తొస్తాది. మనం ముందు పెట్టుకున్న పేరు మనదే. వాళ్ళది ఆకు. వాళ్ళు ఆకు పెట్టె అని చెప్పుకోనీ."

"వాళ్ళూ పచ్చ అనే అంటే?"

"అంటే వాళ్ళ నోరు పడిపోదా?" అని నవ్వి, కండువా దులుపుకుని, ఇంకో ఇంటికి పోయాడు.

ఆఫీసరుగారు దక్షిణపు జిల్లాలవారు. ఇంట్లో అరవం. ఉద్యోగం కోసం తెలుగు పరీక్ష ప్యాసై, మా వైపు పదేళ్ళుగా పనిచేస్తున్నారు. శిస్తు, పట్టా, దరఖాస్తు, ఫైసలా, ఈ మాటల్లో మాకంటే ఆయనే నయం. నిక్కచ్చి మనిషి. పెట్టెలు ఖాళీగా ఉన్నాయని ఏజెంట్లిద్దరికీ తలకిందులు చేసి చూపించి, లక్క ముద్రలు వేసి, జవాను చేత తెర వెనక పీట మీద పెట్టించారు. ఏది ఏ పక్కన పెట్టారో నేను చూడలేదు. నేనప్పుడు చీటీలు సరిచూస్తున్నాను.

ఓట్లు మొదలయ్యాయి. పెద్ద గుమాస్తా జాబితాలో పేరు చదివి గీత పెడతాడు, నేను చీటీకి ముద్ర వేసి ఇస్తాను. ఆఫీసరుగారు తెర పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఎవరైనా తికమక పడితే చెప్పడానికి. ఏజెంట్లిద్దరూ పక్కపక్కనే బెంచీ మీద ఉన్నారు. పసుపు ఏజెంటు మార్కాపురంలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ఒకరి ఓటు ఇంకొకరు వేయకుండా చూడటమే తన పని అనుకుని, చూపు జాబితా మీదనుంచి తీయలేదు. ఆకుపచ్చ ఏజెంటు కంభం నుంచి వచ్చిన ఆముదాల వ్యాపారి. ఆకూ వక్కా నములుతూ వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తున్నాడు.

మొగుడు పోయాక పట్టా తన పేర మారిన ఒక అవ్వ వచ్చింది. చీటీని కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తెర దగ్గర ఆగింది.

"సామీ, పచ్చపెట్టె యాడుంది?"

ఆఫీసరుగారు తెర అంచు కొద్దిగా ఎత్తి, "అదిగో అమ్మా, కుడిచేతి పక్కది" అన్నారు.

ఆమె పోయింది, వేసింది, వచ్చింది. తర్వాత ఒక రైతు. "పచ్చది ఏదయ్యా?" "కుడి పక్కది." ఆ తర్వాత అన్నదమ్ములిద్దరు. ఆఫీసరుగారు అలసట లేకుండా, ప్రతివాడికీ అదే గొంతుతో అదే మాట చెబుతున్నారు. గొంతులో మర్యాద ఉంది. ఏ పెట్టె అయితే ఆయనకేం?

నేను ముద్రలు వేస్తూనే ఉన్నాను. కానీ ఏదో కుదుటగా లేదు. ఆముదాల వ్యాపారి నమలడం ఆపాడు. తెర వైపు చూశాడు, పసుపు ఏజెంటు వైపు చూశాడు, మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు. ఈసారి నవ్వుతూ నమిలాడు. ఆ నవ్వు చూస్తూ వేసిన ముద్ర ఒక చీటీ మీద వంకరగా పడింది. నా సీటు నుంచి తెర వెనక కనబడదు. కుడిపక్క ఉన్నది పసుపుదైతే నా భయం ఉత్తది. ఆకుపచ్చదైతే మా ఊరి జనం వరసగా పోయి తమ చప్టాను తామే పూడ్చుకుంటున్నారు. చూడకుండా నోరు తెరిస్తే పరాయి పక్షం ఏజెంటు ముందు తేలికైపోతాను. పచ్చ అని అడిగిన ఒక్కొక్కరికి ఒకటి చొప్పున బల్ల అంచున గోటితో గుర్తు పెడుతూ కూర్చున్నాను.

గాలికి గోనెపట్టా ఒక మూల ఊడింది. జవాను లేవబోతే "నేను కడతాలే" అని లేచాను. తాడు ముడి వేస్తూ లోపలికి చూశాను. కుడిపక్కన ఉన్నది ఆకుపచ్చది.

నాకు వినబడినంతలో అప్పటికి అడిగినవాళ్ళు పద్దెనిమిది మంది.

"సార్, ఒక్క మాట" అన్నాను. "మీరు పచ్చపెట్టె అని చూపిస్తున్నది ఆకు రంగు పెట్టె."

"అవును. పచ్చ అంటే ఆకు రంగే కదా?"

"మాకు పసుపు కూడా పచ్చే సార్."

ఆఫీసరుగారు నా ముఖం చూశారు, హాస్యమాడుతున్నానేమోనని. "మా వైపు పచ్చై అంటే ఆకు. పసుపుకు మంజళ్ అంటాం. రెండూ వేరు వేరు. తెలుగులో రెండింటికీ ఒకే మాటా?"

పసుపు ఏజెంటు అప్పటికి తల ఎత్తాడు. సంగతి అర్థమయ్యేసరికి బెంచీ మీదనుంచి ఎగిరి లేచాడు. "ఏందయ్యా ఇది! పొద్దుటినుంచి మా ఓట్లన్నీ వాళ్ళ పెట్టెలోకి తోలుతున్నారా?"

"కూసో బావా, కూసో" అన్నాడు ఆముదాల వ్యాపారి. "అయ్యగారు సరిగ్గానే చెప్పినారు. చేను పచ్చగుందంటే ఏందర్థం? పసుపు పూసినారనా?"

"పచ్చకామెర్లు వస్తే కండ్లు ఆకు రంగైతాయా?"

"పచ్చగడ్డి?"

"పచ్చబంగారం?"

"పచ్చిమిరపకాయ!"

"అది పచ్చి. పచ్చ కాదు. బడికి పోయినావా ఎప్పుడన్నా?"

ఆఫీసరుగారు బల్ల మీద కొట్టారు. ఓటింగు ఆపించి, బయట వరండాలో ఉన్న బడి అయ్యవారిని పిలిపించారు. అది మిషన్ బడి. అయ్యవారు క్రైస్తవుడు. మెత్తగా, ఆచితూచి మాట్లాడే మనిషి.

"పచ్చ అంటే ఏ రంగు చెప్పండి."

"ఏ పచ్చ సార్? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

"రెండూ కాదు. ఉట్టి పచ్చ."

"ఉట్టి పచ్చ అని ఒకటి లేదు సార్. ఎదురుగా ఏముందో దాన్నిబట్టి ఉంటాది."

"ఎదురుగా రెండూ ఉంటే?"

"అప్పుడు చెప్పినోడి మనసులో ఉండేది పచ్చ."

"మీ ఓటు ఏ పచ్చకు?" అని ఆముదాల వ్యాపారి ఎగతాళిగా అడిగాడు.

"నా ఓటు ఇక్కడ లేదన్నా. క్రైస్తవులకు వేరే జాబితా, వేరే ఎన్నిక. మా పెట్టె వచ్చినప్పుడు చూస్తా, దాని రంగుకేం పేరు పెడతారో."

ఆఫీసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపం లేదు, ముఖం మాత్రం వాడిపోయింది. "పదేళ్ళుగా ఈ ఊళ్ళలో ముసలివాళ్ళు నన్ను పచ్చగా ఉండు నాయనా అని దీవించారు. ఏ రంగులో దీవించారో ఇప్పుడు తెలియడం లేదు" అన్నారు.

తర్వాత తీర్పు చెప్పారు. పెట్టెలో పడిన చీటీ పడినట్టే. అది ఎవరిదో చెప్పే గుర్తు దాని మీద ఉండదు కాబట్టి తీయడానికి లేదు. ఇకమీద ఈ గదిలో పచ్చ అనే మాట ఎవరూ వాడకూడదు. ఓటరు పచ్చ అని అడిగితే, పసుపుకొమ్ము రంగా, వేపాకు రంగా అని ఆఫీసరే తిరిగి అడుగుతారు. ఓటరు వస్తువు పేరు చెబితే ఆ పెట్టె చూపిస్తారు. ఏజెంట్లిద్దరూ ఒప్పుకున్నారు. ఆముదాల వ్యాపారి వెంటనే ఒప్పుకున్నాడు.

ఓటింగు మళ్ళీ మొదలైంది. కానీ ఇంట్లో నెలరోజులు విన్న మాట ఒకటి, ఇక్కడ అడిగే మాట ఒకటి. పచ్చపెట్టె అని వచ్చినవాళ్ళను పసుపుకొమ్మా వేపాకా అంటే, పెళ్ళి సరుకులు అడుగుతున్నారేమో అన్నట్టు చూశారు.

"నాకు రెండూ వద్దు సామీ, పచ్చది చూపియ్" అన్నాడొకడు.

"బంతిపువ్వు రంగు" అంది ఒకామె. ఆఫీసరుగారు నా వైపు చూశారు. నేను నోరు విప్పకూడదు.

ఇంకొకాయన చాలాసేపు నిలబడి, "మా ఇంటి ముందర పాదు రంగు" అన్నాడు. ఏం పాదు అంటే బీరపాదు. పువ్వా, ఆకా అంటే, "పాదంటే అంతా కలిసే కదయ్యా ఉండేది" అన్నాడు.

ఈ లోపల బయటికి వార్త పోయింది. బడికి కొంత దూరంలో సున్నంతో గీత గీశారు. దాని ఇవతల ఎవరూ ఓట్లు అడగకూడదు. మధ్యాహ్నం నన్ను అన్నానికి వదిలినప్పుడు చిన్నాయన గీతకు అవతల నిలబడి ఉన్నాడు.

"ఒరే, ఇట్ల రా."

"రాకూడదు చిన్నాయనా. గీత దాటకూడదు."

"ఆ పక్కనే ఉండు. మాటలు దాటొచ్చు కదా. ఏంది, లోపల పచ్చ అంటే ఆకు అని చూపించినారంట?"

"పొద్దున కొంతసేపు. ఇప్పుడు సరిచేశారు."

"ఎంతమంది పోయినారు అట్ల?"

"లోపలి సంగతి చెప్పకూడదు."

చిన్నాయన నా కళ్ళలోకి చూశాడు. "చెప్పకూడదంటే శానామందే." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "నేను పోయి వాళ్ళను మళ్ళా పిలుచుకొస్తా. ఇంకోతూరి వేస్తారు."

"ఒక్కసారే వేయాలి."

"తప్పు పడింది, తీసియ్యమని అడిగితే తియ్యరా?"

"ఏ చీటీ ఎవరిదో తెలియదు చిన్నాయనా. తెలియకూడదనే అట్లా చేశారు."

"అదేం పెట్టెరా! మా గాదెలో ఒక గింజ తీసిస్తే అది ఏ చేనిదో చెప్తా నేను." మళ్ళీ గొంతు తగ్గించాడు. "సరే. ఇంకా రానోళ్ళు శానామంది ఉండారు. ఏమని చెప్పమంటావు?"

గీత ఇవతల ఉన్నాను, చీటీల మీద ముద్ర వేసే మనిషిని. ఆయన తనకు తానే చెప్పుకున్నట్టు, "పసుపుకొమ్ము అంటా. ఆడోళ్ళ మాటైతే ఆడోళ్ళ మాటే" అని వెనక్కి తిరిగాడు. నడక కాదు, దాదాపు పరుగు.

పొలాల్లో ఉన్నవాళ్ళను, మంచంలో ఉన్నవాళ్ళను కూడా తెచ్చాడు. కాలు విరిగిన ఒక పెద్దాయనను బండిలో తెచ్చి గీత దగ్గర దించాడు. వాళ్ళంతా గడప దాటుతూనే, పేరు అడగకముందే, బడిపిల్లల్లాగా "పసుపుకొమ్ము!" అనేవాళ్ళు. ఆముదాల వ్యాపారి లేచి, ఇది రహస్య ఓటా, పసుపు పేరంటమా అని అడ్డం చెప్పాడు. తెర దగ్గరికి వచ్చాక మెల్లగా చెప్పండి అని ఆఫీసరుగారు బతిమాలారు. చెవులు వినబడని ఇంకో పెద్దాయన మెల్లగా చెప్పింది వీధి దాకా వినిపించింది.

అయితే చిన్నాయన అనుకోనిది ఇంకొకటి జరిగింది. చీటీ తీసుకుంటూ ఒక రైతు తన పక్కవాడితో అంటుంటే విన్నాను.

"నెల దినాలు పచ్చ పచ్చ అన్యాడు. పొద్దుగూకేతలికి పసుపంటాడేంది? పక్షం మారినాడా?"

"మారినాడో, ఎవరన్నా మార్పించినారో. నేను మాత్రం మాటిచ్చింది పచ్చకు. పచ్చలోనే వేస్తా."

ఇద్దరూ తెర దగ్గరికి పోయారు. పసుపుకొమ్మా, వేపాకా అని ఆఫీసరుగారు అడిగారు. పసుపు వద్దనుకున్నాక మిగిలింది వేపాకే.

ఇంకొకాయన ఎంతో న్యాయంగా చెప్పాడు: "మా తమ్ముడు పొద్దున్నే పచ్చలో వేసినాడు. నేను పసుపులో వేస్తా. ఇంటికి ఒక్కొక్కటి ఉంటే ఎవురికీ కోపం రాదు."

అది విన్నాక ఎవరు ఏ పెట్టెలో వేస్తున్నారో ఊహించడం మానుకుందామనుకున్నాను. మానుకోలేకపోయాను. ప్రతి ముఖం తెర వెనక్కి పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి చూసి, మనసులోనే రెండు వరసలు వేసుకుంటూ, అవి తప్పని తెలిసీ కూడుకుంటూ కూర్చున్నాను.

పొద్దు వాలాక పోలింగు ముగించి, పెట్టెల మూతలకు ముద్రలు వేసి, బండిలో పెట్టాం. ఆఫీసరుగారూ నేనూ జవానూ బండి వెంట బయలుదేరాం. వాగులో నీళ్ళు మోకాలి దాకా కూడా లేవు. అయినా మధ్యలో ఇసకలో చక్రం కూరుకుపోయింది. ఎడ్లు మోకాళ్ళ మీద పడ్డాయి. గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్ళల్లో చిన్నాయన కూడా ఉన్నాడు. దిగి వచ్చి చక్రానికి భుజం పెట్టాడు.

"పెట్టెలు ముట్టుకోకు" అన్నాడు జవాను.

"చక్రం ముట్టుకోవచ్చా? పోనీ, దానికీ ముద్ర వేసినారా?"

ఆఫీసరుగారు బూట్లు చేతిలో పట్టుకుని నీళ్ళలో నిలబడి ఉన్నారు. బండి లేవడానికి చాలాసేపు పట్టింది. గట్టెక్కాక పంచెకు అంటిన ఇసక దులుపుకుంటూ ఆయన అడిగారు: "ఇంత బాటకు ఇక్కడ చప్టా లేకపోవడమేమిటి?"

"అది పెట్టెలో ఉంది సామీ" అన్నాడు చిన్నాయన.

ఆఫీసరుగారికి అర్థం కాలేదు. బండి కదిలింది.

లెక్కింపు మార్కాపురంలో. కాగితాలు కట్టలు కట్టే పనికి నన్ను పిలిచారు. ఒక్కొక్క ఊరి పెట్టెలు విడివిడిగా విప్పి లెక్కించి మొత్తంలో కలుపుతున్నారు. గిద్దలూరు వైపు పెట్టెలన్నీ పసుపు అభ్యర్థికే మొగ్గాయి. మధ్యాహ్నానికే ఆయన గెలుపు తేలిపోయింది. బయట టపాకాయలు మొదలయ్యాయి. మా ఊరి పెట్టెలు విప్పేసరికి బల్ల చుట్టూ ఎవరూ లేరు, లెక్కపెట్టే గుమాస్తాలూ నేనూ తప్ప. నేను రెండుసార్లు లెక్కపెట్టించాను. రెండుసార్లూ అదే వచ్చింది.

పసుపు ఏజెంటును పట్టుకుని అడిగాను, మా పోలింగు సంగతి పిటిషను వేయరా అని.

"ఎవరు వేస్తారు?" అన్నాడతను, మెడలో పూలదండ సరిచేసుకుంటూ. "ఓడినోడు వేస్తాడు పిటిషను. మనం గెలిచినాం కదయ్యా."

చిన్నాయన తెల్లవారుజామునే ఊరి నుంచి నడిచి, రైలెక్కి వచ్చాడు. గెలిచిన అభ్యర్థి ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉంటే, జనాన్ని తోసుకుని పోయి నమస్కారం పెట్టాడు. నేను వెనకాలే ఉన్నాను. అభ్యర్థి గుర్తుపట్టాడు, ఆప్యాయంగా భుజం మీద చేయి వేశాడు.

"వచ్చినావా! మీ ఊళ్ళో బాగా తిరిగినావంట, విన్యాను. పైచేయి మనదేనా?"

"అయ్యా, అది మీకు చెప్పాలనే వచ్చినా. మావాళ్ళందరూ మీకే వేసినారు. ఆ పచ్చ అనే మాటకాడ కొంచెం..."

"మాటకాడ ఏముందిలే పెద్దాయనా. లెక్క ఎంత?"

చిన్నాయనకు లెక్క తెలియదు. నా వైపు తిరిగాడు. అభ్యర్థి కూడా నా వైపు తిరిగాడు. లెక్కింపు అయిపోయింది, ఇక దాచవలసినది లేదు. చెప్పాను.

ఆకుపచ్చ నూట నలభై తొమ్మిది. పసుపు నూట ఇరవై ఆరు.